తమ్ముడి కోసం అక్క చేసే ప్రార్థన

మృతులను లేపే దేవునికి స్తోత్రం. మా ముగ్గురినీ ఒకే తల్లి కడుపున పుట్టించిన ఆయన నామానికి మహిమ కలుగును గాక.

మా తమ్ముడు సరిహద్దులో యుద్ధంలో చనిపోయాడు. చనిపోయినవారి కోసం ప్రార్థించకూడదని సండే స్కూల్లో పిల్లలకు చెప్పేవాణ్ణి నేనే. అందుకని సమాధి చేసిన రోజు నుంచి ప్రార్థనలో వాడి పేరు ఎత్తలేదు. మా అక్క మాత్రం బుధవారం కూడికలో, డ్యూటీలో ఉన్నవారి కోసం ప్రార్థించే సమయం రాగానే, తలమీద కొంగు సర్దుకుని వాడి పేరు చెప్పేది.

ఒకసారి ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా క్వార్టర్‌లోనే కూడిక జరుగుతుంటే సంఘపెద్ద ఆవిడను ఆపాడు. "ఏటమ్మా, పోయినోడికి ప్రార్థనేటి?"

"పోయినాడని మీరంటన్నారు. దేవుడు అన్నేదు కదా! ఆడు చలికి ఆగనేడు పెద్దయ్యా. కప్పుకోడానికి ఏటన్నా ఇచ్చినారో నేదో అడగొద్దేటి?"

అందరూ నవ్వారు. పెద్దాయన కూడా నవ్వి, "ఠీక్ హై, కానీయమ్మా" అన్నాడు.

నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. వాడూ నేనూ ఒకే రగ్గు కింద పెరిగాం. పెళ్ళై పక్కపేట ఝపటాపూర్ వెళ్ళిపోయిన ఆవిడకు వాడి చలి గురించి ఏం తెలుసు? వాక్యం నా నోరు కట్టేసింది. వారం వారం వాడు ఆవిడ ఒక్కదాని తమ్ముడైపోయాడు.

ఈమధ్యే అక్క కూడా ప్రభువు దగ్గరికి వెళ్ళింది. నా అసూయ మాత్రం తగ్గలేదు.

ప్రియులారా, తప్పయినా సరే, నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, నేను వచ్చేదాకా తమ్ముణ్ణి పూర్తిగా అక్కకే ఇచ్చేయకు. ఆమేన్.