పనామా సత్యశ్రీ

కూర్మన్నపాలెం జంక్షన్లో నిలబడి వయొలిన్ సత్యశ్రీ ఇల్లెక్కడని అడిగితే ఎవరైనా తెల్లమొహం వేస్తారు. పనామా సత్యశ్రీ ఇల్లెక్కడని అడగండి, కిళ్లీకొట్టువాడు కొట్టు వదిలేసి వచ్చి మరీ చూపిస్తాడు. ఆ పేరు ఆ పిల్లకి ఎలా అంటుకుందో, అంటుకున్నాక ఎన్ని తంటాలు పెట్టిందో చెప్పాలంటే ముందు నాలుగు గంటల సంగతి చెప్పాలి.

సత్యశ్రీ తండ్రి అర్జునరావు స్టీలుప్లాంటులో క్రేను నడిపేవాడు. చోడవరం వైపు చెరకు వేసుకునే కుటుంబం వాళ్లది. ఆయనకి రాగం తెలీదు, తాళం తెలీదు. కానీ అంత ఎత్తున క్యాబిన్లో కూర్చుని, మోటారు మోత విని, ఫలానా బేరింగు రెండ్రోజుల్లో పోతుందని చెప్పేవాడు. పోయేది కూడా. ఇంట్లో కూతురు సాధన చేస్తుంటే అదే చెవి ఒగ్గి కూర్చునేవాడు. "మూడో తీగ అరిగిపోనాది, సూసుకో తల్లీ" అనేవాడు. ఆ పిల్ల చూసుకుంటే నిజంగానే అరిగి ఉండేది.

సింహాచలం కొండ కింద ఉండే మాస్టారి దగ్గరికి బస్సులు మారి వెళ్లి పదకొండేళ్లు నేర్చుకుంది. మాస్టారు పోయేముందు ఒక్క మాటే అన్నారట, "ఇంక నువ్వు మధ్యలో కూర్చోవచ్చమ్మా" అని. మధ్యలో అంటే వేదిక మధ్యలో. అప్పటిదాకా సత్యశ్రీ ఎప్పుడూ పక్కనే కూర్చుంది. పాడేవాళ్లు మధ్యలో, వయొలిన్ పక్కన. ఆమెకి కావలసిందల్లా ఒక్కటే: నిండిన హాల్లో, మధ్యలో కూర్చుని, కల్యాణి రాగం మొదటినుంచి చివరిదాకా వాయించడం. అత్యాశేమీ కాదు కదా?

కాదనుకుంది. నాదవల్లరి సంగీత సభ కార్యదర్శి శ్రీరామ్మూర్తిగారికి ఆ సంగతి తెలీదు. ఆ సభలో రెండు కచేరీలుంటాయి. నాలుగు గంటలది స్థానిక కళాకారులకి, ఆరున్నరది విదేశాల్లో కచేరీలు చేసి వచ్చినవాళ్లకి. నాలుగు గంటలప్పుడు ఫ్యాన్లు తిరుగుతాయి, కుర్చీలు వింటాయి. ఆరున్నరకి ఊరంతా వస్తుంది. దరఖాస్తు ఫారంలో 'విదేశాలలో చేసిన కచేరీలు' అని ఒక గడి. అందులో ఏ దేశం పేరూ లేనివాళ్లు ఎంత బాగా వాయించినా నాలుగు గంటలకే.

డిసెంబరు వచ్చిందంటే సెలవులకి వచ్చినవాళ్లతో ఆరున్నర కిటకిటలాడేది. తొంభై ఆరులో న్యూజెర్సీ నుంచి ఒకావిడ వచ్చి పాడింది. పల్లవిలో తాళం తప్పి, ఎక్కడుందో ఆవిడకే తెలీక గాలిలో చేతులు ఊపుతుంటే, పక్కన సత్యశ్రీ మెల్లగా కమాను కదిపి ఆ ఖాళీ పూడ్చి, ఆవిణ్ణి చెయ్యి పట్టుకున్నట్టు నడిపించి ఒడ్డున పడేసింది. హాలంతా చప్పట్లు, ఆవిడకి. "అమెరికాలో ఉండి కూడా మన సంగీతాన్ని మర్చిపోలేదు!" అన్నారు శ్రీరామ్మూర్తిగారు గద్గదంగా. విశాఖపట్నంలో ఉండి మర్చిపోనివాళ్ల గురించి ఎవరూ ఏమీ అనలేదు.

ఆ రాత్రి ఆ పిల్ల అన్నం తినలేదు. అది చూసి మేనమామ దొరబాబుకి కడుపు మండింది.

దొరబాబు ఓడలకి కూరగాయలూ మాంసమూ సరఫరా చేసే ఒక కంపెనీలో పనిచేసేవాడు. పదేళ్లుగా ఓడలెక్కి దిగుతున్నాడు కాబట్టి ప్రపంచం గురించి తనకి తెలియనిది లేదని అతని నమ్మకం.

"ఫారిన్ కావాలా? నానున్నాను కదేటి!" అన్నాడు. "అవుటర్ హార్బర్లో పనామా ఓడొచ్చింది బావా. ఓడ ఎనకాల ఏ దేశం పేరుంటే ఓడలోన ఆ దేశమే. మెట్లెక్కినామంటే పనామాలో కాలెట్టినట్టే."

అర్జునరావు ఆలోచనలో పడ్డాడు. "ఏరా దొరబాబూ, అది మా ప్లాంటుకి బొగ్గు తెచ్చిన ఓడ కదేటి? పరాయి దేశం ఎలాగవుద్ది?"

"బొగ్గు ఆస్ట్రేలియాది. ఓడ పనామాది. వంటోడు ఫిలిప్పీన్సోడు. ఇంతకంటే అంతర్జాతీయం ఏటి కావాలి బావా నీకు?"

అయితే పాసు ఇప్పించమన్నాడు అర్జునరావు. రేవు లేని ఊళ్లో అయితే ఈ ఆలోచన ఎవరికీ రాదు. వచ్చినా పక్కవాడు నవ్వుతాడు. మా ఊళ్లో పక్కవాడు కూడా పాసు ఇప్పించమంటాడు.

అలా సత్యశ్రీ, కూరగాయల కంపెనీ సహాయకురాలి పాసు మీద, క్యాబేజీ బుట్టల వెనకాల, వయొలిన్ పెట్టె గుండెకి హత్తుకుని పనామా దేశంలో అడుగుపెట్టింది. వెళ్లింది ఫొటో కోసమే. డెక్కు మీద బొగ్గు దుమ్ము. ఎవరైనా నీళ్లలో పడితే విసిరే రబ్బరు చక్రం ఒకటి గోడకి వేలాడుతోంది, దాని మీద ఇంగ్లీషులో పనామా అని రాసుంది. దాని పక్కన దుప్పటి పరిచి కూర్చోబెట్టి దొరబాబు ఫొటో తీశాడు. ఇంక దిగిపోవడమే.

అప్పుడు వంటవాడొచ్చి, చేత్తో కమాను లాగుతున్నట్టు చూపించి, లోపలికి రమ్మన్నాడు.

భోజనాల గదిలో పదకొండుమంది నావికులున్నారు. వాళ్లలో పనామావాడు ఒక్కడూ లేడు. సత్యశ్రీ బల్లలు జరిపించి మధ్యలో కూర్చుంది. మోహనలో వర్ణం వాయించింది. ఎవరూ లేవలేదు. కల్యాణి ఎత్తుకుంది. బస్సు పోతుందని వాచీ చూసుకునేవాడు లేడు, సమోసాలొచ్చాయా అని వెనక్కి తిరిగేవాడు లేడు. రాగం, తానం, అన్నీ వాయించింది. వంటగదిలో అన్నం మాడింది. వాసనకి కెప్టెను కోపంగా తలుపు తోసుకుని వచ్చి, ఒక్క క్షణం నిలబడి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రెండు గంటల పది నిమిషాలు. ఆపాక వంటవాడు కళ్లు తుడుచుకుని, వేలితో గుండ్రంగా తిప్పి చూపించాడు, మళ్లీ మొదటినుంచీ వాయించమని. ఆటోలో తిరిగొస్తుంటే సత్యశ్రీకి ఏడుపొచ్చేంత సంతోషం వేసింది. కానీ ఫారంలో రాయడానికి ఆ సంతోషం పనికిరాదు కదా, 'పనామా' అని రాసింది.

శ్రీరామ్మూర్తిగారు ఫొటోని కళ్లద్దాలు పెట్టుకుని చూశారు, తీసి చూశారు. "పనామా! మన సభకి ఇదే మొదలమ్మాయ్!" అన్నారు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

తొంభై ఎనిమిది జనవరిలో ఆరున్నర కచేరీ ఇచ్చారు. బ్యానరు మీద 'పనామా రిటర్న్డ్ అంతర్జాతీయ వయొలిన్ విద్వాంసురాలు' అని వేశారు. కింద సన్నగా పేరు. హాలు నిండిపోయింది, నిలబడ్డవాళ్లు వేరే. సత్యశ్రీ మధ్యలో కూర్చుంది. తర్వాత శ్రీరామ్మూర్తిగారు పనామా కాలువ తవ్వకం గురించి ముప్పావుగంట మాట్లాడారు. ముఖ్య అతిథి, ఆత్మీయ అతిథి, గౌరవ అతిథి తలా ఒక చెయ్యి వేశారు. ఏడు శాలువాలు కప్పారు. ఏడో దానికి ఆ పిల్ల కుడిచెయ్యి కదిలే దారి కూడా లేదు. హాలు ఎనిమిదిన్నరకి ఖాళీ చెయ్యాలి. మిగిలింది ఇరవై రెండు నిమిషాలు.

సత్యశ్రీకి ఒళ్లు మండింది. మైకు అందుకుంది. "అది పనామా కాదండీ. మన అవుటర్ హార్బర్లో ఆగిన బొగ్గు ఓడండీ" అంది.

హాలు దద్దరిల్లిపోయింది. చప్పట్లతో. "ఎంత వినయం! ఎంత చమత్కారం!" అన్నారు ముందు వరుసవాళ్లు. చెప్పినా నమ్మకపోతే ఇంకేం చేస్తుంది? కల్యాణి ఎత్తుకుంది. రాగం విప్పుకునే లోపలే వాచ్‌మన్ లైట్లు ఆర్పి వెలిగించాడు. ఇంటికెళ్లేటప్పుడు అర్జునరావు, "బరువెత్తి దించకుండా ఆపీసినట్టున్నాది తల్లీ" అన్నాడు. సత్యశ్రీ ఆ మాటని ఏళ్ల తరబడి మోసింది.

అబద్ధం అక్కడితో ఆగలేదు, దానికి కాళ్లొచ్చాయి. పేపర్లో పడిన వార్త చూసి సింగపూరు తెలుగువాళ్లు పిలిచారు. సింగపూరు చూసి లండనువాళ్లు, లండను చూసి ఫ్రాన్సువాళ్లు. ఆ పిల్లకి ఇరవై ఏడేళ్లు నిండేసరికి పాస్‌పోర్టులో ముద్రలకి చోటు లేదు. దొరబాబు మాత్రం పెళ్లిళ్లలో, పేరంటాల్లో, "పునాదిరాయి నాదే" అని చెప్పుకు తిరిగాడు. విచిత్రం చూడండి, ఫ్రాన్సులో లియాన్ ఊళ్లో ప్రకటన చేసే పెద్దాయన విశాఖపట్నం అనే మాటని మూడు ముక్కలు చేసి, చెమట తుడుచుకుని, తలవంచి మరీ పలికాడు. గంటన్నర కచేరీకి ఒక్క ఉపన్యాసం లేదు. విశాఖపట్నంలో పనామా నుంచి వచ్చిన పిల్ల, లియాన్లో విశాఖపట్నం నుంచి వచ్చిన పిల్ల. ఇంతకీ విశాఖపట్నంలో విశాఖపట్నం పిల్ల ఎప్పుడవుతుంది?

రెండువేల ఐదులో నెల్లాళ్లుందామని ఇంటికొచ్చి, మర్నాడే సభ ఆఫీసుకి వెళ్లింది. శ్రీరామ్మూర్తిగారు లేచి నిలబడ్డారు. వెనక గోడ మీద ఆ ఓడ ఫొటో పటం కట్టి ఉంది. సత్యశ్రీ ఫారం నింపి ఇచ్చింది. గడిలో 'లేవు' అని రాసింది. నాలుగు గంటల కచేరీ అడిగింది.

"అది స్థానికులకమ్మా. రూలు."

"నాను కూర్మన్నపాలెమేనండి."

"విదేశాల్లో కచేరీలు లేవని రాశావేమిటి? సభ రికార్డమ్మా ఇది, అబద్ధాలు రాయకూడదు!"

"పనామా అని రాసిన్నాడు ఈ మాట అనలేదేటండి?"

శ్రీరామ్మూర్తిగారు కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి వెనక్కి తిరిగి పటం వైపు చూశారు. "ఆ రబ్బరు చక్రం వెనకాల ఏముందో చూశావా అమ్మా?"

చూసింది. డాల్ఫిన్ నోస్ కొండ. పైన లైట్‌హౌసుతో సహా. ఈ ఊళ్లో పుట్టినవాడెవడైనా నిద్రలో కూడా గుర్తుపట్టే కొండ, ఎనిమిదేళ్లుగా ఆ గోడ మీదే ఉంది. వచ్చిన అతిథులందరూ దాని కిందే కూర్చుని కాఫీ తాగారు.

"తెలిసే వేశారా?" అంది.

"పనామా అంటే హాలు నిండింది కదమ్మా. కూర్మన్నపాలెం అంటే ఎవరొస్తారు?"

"ఎవరొత్తే ఆళ్లకే వాయిస్తానండి. కూర్మన్నపాలెమనే రాయండి."

ఆ ఆదివారం నాలుగు గంటలకి పద్నాలుగుమంది వచ్చారు. దొరబాబు క్యాబేజీ సంచితో సహా వచ్చాడు. అర్జునరావు పొద్దుటి ఎ-షిఫ్టు దిగి, బట్టలు కూడా మార్చుకోకుండా, బూట్లతోనే ముందు వరుసలో కూర్చున్నాడు. సత్యశ్రీ మధ్యలో కూర్చుని కల్యాణి ఎత్తుకుంది. ఐదున్నరకి కచేరీ ముగింపు గంట కొట్టాల్సిన శ్రీరామ్మూర్తిగారు గంట చేత్తో పట్టుకుని వచ్చి, చివరి కుర్చీలో కూర్చుని, దాన్ని ఒళ్లో పెట్టుకున్నారు. ఆరింటికి, తర్వాతి కచేరీ కోసం శాలువాలు మోసుకుంటూ వచ్చినవాళ్లు గుమ్మంలోనే నిలబడిపోయారు. ఆరుంపావుకి ఆమె కమాను దించింది.

ఎవరూ ఉపన్యసించలేదు. అర్జునరావు ముక్కు చీదుకుని లేచి, వేదిక దగ్గరికి వచ్చాడు.

"దించినావు తల్లీ" అన్నాడు.