జెండా లేని పడవ

డిగ్రీలో పొలిటికల్ సైన్స్ రెండో ఏడాది చదువుతుండగా, సెలవులకు ప్రోతరాపూర్ నుంచి బస్సులో మా దీవుల ఉత్తర కొసనున్న డిగ్లీపూర్ వెళ్లాను. అక్కడ మా పెదనాన్న చేపలు పడతాడు. సముద్ర చట్టం మీద పరీక్ష ఉందని పుస్తకం వెంట తీసుకెళ్లాను గానీ, తెరిచింది లేదు.

ఒక ఉదయం పెదనాన్నతో ఒడ్డుకు వెళ్లాను. మా చిన్న డింగీ పడవలకు కొంచెం అవతల, అడవి నీళ్లదాకా దిగే చోట ఒక చెక్క పడవ ఉంది. మావైపు పడవ కాదు. లోపల మనుషులు లేరు. తాడు మీద ఆరేసిన లుంగీ నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి.

"కోయీ హై?" అని పెదనాన్న కేకేశాడు. అప్పటిదాకా అరుస్తున్న పిట్టలు కూడా ఆగిపోయాయి.

నేను పడవ చుట్టూ తిరిగి చూశాను. జెండా లేదు. పేరూ నంబరూ ఉండాల్సిన చోట రంగు గీకేసి ఉంది. ముందువైపు తాడు మాత్రం ఒక చెట్టు వేరుకు గట్టిగా కట్టి ఉంది.

"కొట్టుకొచ్చింది కాదమ్మీ, ఎవులో కట్టినారు," అన్నాడు పెదనాన్న గొంతు తగ్గించి. "చల్, రోడ్డు కాడికెల్లి పోలీసోల్లకి ఫోన్ చేద్దాం."

ఒడ్డున సిగ్నల్ ఉండదు. బయల్దేరే ముందు తన అన్నం డబ్బా మూత తీసి, అన్నంతోనే డబ్బాను పడవ అంచు మీద పెట్టాడు. రోడ్డు చేరేదాకా ఎవరో వెనక నుంచి నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

పోలీసులతో తిరిగి వచ్చేసరికి లుంగీ లేదు. డబ్బా కడిగి, బోర్లించి ఉంది. పెదనాన్న దాన్ని సంచిలో వేసుకున్నాడు.

"కిసీకో దేఖా?" అని అడిగాడు ఒక పోలీసు.

"నహీ సాబ్," అన్నాడు పెదనాన్న.

అబద్ధం కాదు. మేమెవరినీ చూడలేదు. సాయంత్రందాకా అడవంతా వెతికినా వాళ్లకూ ఎవరూ కనిపించలేదు. పడవను లాక్కుని వెళ్లిపోయారు.

కాలేజీ తెరిచాక క్లాసులో మా సార్‌కు ఆ పడవ గురించి చెప్పాను. ఏ దేశపు జెండా లేని పడవను నడిసముద్రంలో ఏ దేశపు యుద్ధనౌకైనా ఆపి చూడవచ్చని, అది పరీక్షలో వస్తుందని అన్నారు.

"మరి అందులో వచ్చినవాళ్ల సంగతి, సార్?"

"ముందు వాళ్లది ఏ దేశమో తేలాలి."

"తేలకపోతే?"

ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టి, అది వేరే పాఠమన్నారు.

ఏ దేశానికీ చెందని మనుషుల గురించిన ఆ వేరే పాఠమే ఇప్పుడు ఎం.ఏ.లో చదువుతున్నాను. ఆ పడవలో వచ్చినవాళ్లు దొరకలేదు, ఏ శవమూ ఒడ్డుకు రాలేదు. పెదనాన్న వల వేసే చోటు మార్చేశాడు. ఫోన్‌లో ఎప్పుడైనా అడిగితే, "ఆ బాత్ వద్దమ్మీ," అని చేపల సంగతి ఎత్తుతాడు.