ఆపా అల్లిన ఆకుపచ్చ స్వెట్టర్

ఆ రోజుల్లో మా ఇంట్లో కొత్తవంటూ ఏమైనా ఉన్నాయంటే అవి చీపురూ, అగ్గిపెట్టే. మావారు అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో జావా చెప్పేవారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు ఆర్నెల్లకల్లా ఉద్యోగాల్లో చేరి కొత్త ఫ్లాట్లకు మారిపోతుంటే, వాళ్లు వదిలించుకునే సామాను మేం కొనుక్కునేవాళ్లం. ఫ్రిజ్ పంజాగుట్టది. సోఫా, మంచం ఎస్.ఆర్. నగర్‌వి. సోఫా చేతి మీద ఎవరి బిడ్డో పెన్నుతో గీసిన గీతలుండేవి. వాటి మీద టవల్ కప్పేసి, వచ్చినవాళ్లందరికీ "సగం రేటుకే కొట్టేశాం" అని గొప్పగా చెప్పుకునేదాన్ని.

పక్క వాటాలో ఒకావిడ ఉండేది. వాడలో అందరూ ఉర్దూలో అక్కా అన్నట్టు ఆపా అంటే నేనూ ఆపా అనేదాన్ని. మధ్యాహ్నం పనయ్యాక గుమ్మంలో కూర్చుని ఊలు అల్లేది. మా బాబుకి మూడేళ్లప్పుడు, చలికాలం వస్తోందని వాడికో ఆకుపచ్చ స్వెట్టర్ మొదలుపెట్టింది. నేను అడగలేదు. తెల్ల గుండీలు మూడే ఉన్నాయంటే, మావారి పాత సఫారీ నుంచి నల్లదొకటి నేనే కత్తిరించి ఇచ్చాను. స్వెట్టర్ తొడిగాక వాడు అద్దం ముందు నుంచి కదల్లేదు.

"ఇంత మెత్తటి ఊలు ఎక్కడ దొరికింది ఆపా?" అన్నాను.

"ఫుట్‌పాత్ మీద పాత స్వెట్టర్లు తెచ్చి విప్పుత చెల్లె. కొత్త ఊలు గింత మంచిగ యాడుంటది?" అంది, దాపరికం లేకుండా.

నా మొహం ఎలా మారిందో తెలీదు గానీ నోరు మాత్రం ఊరుకోలేదు. "ఏంటి ఆపా, ఎవరెవరు తొడిగి విడిచినవో! పిల్లాడి ఒంటికి తగిలేది కదా."

"వేడినీళ్లల్ల నానబెట్టి ఉతికిన. ఫికర్ చెయ్యకు," అని నవ్వింది.

వాడు రెండు రోజులు వేసుకున్నాడు. మూడో రోజు మెడ మీద ఎర్రగా కనిపించింది. దోమ కుట్టి ఉంటుంది. నేను ఊలు మీదికి నెట్టేశాను. ఆ వారమే, పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చే ఆమె గంపతో వస్తే, రెండు ప్యాంట్ల మధ్య స్వెట్టర్‌ను మడిచిపెట్టి ఇచ్చేసి మూత డబ్బా తీసుకున్నాను. ఆపా అడిగితే, బిగుతైంది, దాచానని చెప్పాను. ఎవరో పడుకున్న మంచం మీదే నా కొడుకుని రోజూ పడుకోబెడుతున్నానన్న సంగతి నాకు తట్టనేలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

నెల తిరక్కుండానే ఒక ఆదివారం ఆపా, "జర నాతోని రా చెల్లె, రంగులు చూసి చెప్దువు," అని అమీర్‌పేట ఫుట్‌పాత్ మీది పాత బట్టల కుప్పల దగ్గరికి తీసుకెళ్లింది. ఆమె వంగి ఒక్కొక్కటీ లాగి చూస్తోంది. నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. మూడోదో నాలుగోదో, ఆకుపచ్చది చేతికొచ్చింది. మూడు తెల్ల గుండీలు, ఒక నల్లది.

ఆపా దాన్ని చాలాసేపు చూసింది. నావైపు చూడలేదు. ప్రతిదానికీ బేరమాడే మనిషి, అడిగినంత ఇచ్చేసి సంచిలో వేసుకుంది. తిరిగొచ్చేటప్పుడు దారంతా నీళ్ల ట్యాంకర్ గురించి మాట్లాడింది. తప్పయిందని చెప్పడానికి మా గల్లీ వచ్చేదాకా టైముంది. నేను చెప్పలేదు. ఆమె నాలుగు తిట్టి ఉంటే నేనూ గట్టిగా ఏదో ఒకటి అనేసి, ఆ తర్వాత ఏడ్చేదాన్నేమో.

మర్నాడు గుమ్మంలో కూర్చుని దాన్ని విప్పింది. ఊలు చుట్టడానికి ఎదురుగా రెండు చేతులూ చాచి కూర్చున్నది మావాడే.

"ఇది నా స్వెట్టర్," అన్నాడు.

"అవ్ బేటా. నీకు బిగుతైంది గద," అంది ఆపా.

కిటికీ దగ్గర నిలబడ్డ నేను లోపలికి వెళ్లిపోయాను. నా అబద్ధాన్ని నా కొడుకు ముందు ఆమె కాపాడింది.

పది రోజుల తర్వాత మా ఇంటికొచ్చింది. టీ పెట్టి, ఆ స్టీలు డబ్బాలోంచే చక్కెర వేశాను. ఆమె సంచిలోంచి ఆకుపచ్చ అల్లిక తీసి ఫ్రిజ్ మీద పరిచింది. చుట్టూ పసుపు అంచు వేసింది. మూలలు సరిచేసి, "గిది ఫ్రిజ్‌కు చెల్లె. ఎవ్వరి ఒంటికీ తగల్దు," అంది. గొంతులో వెటకారం లేదు. నిజంగానే నా భయం గుర్తుపెట్టుకుని అల్లింది.

"బాగుంది ఆపా," అన్నాను.

ఆమె టీ తాగి లేచింది. వంటింట్లోకి వెళ్లి తన గ్లాసు తనే కడిగి, బోర్లించి వెళ్లింది. అంతకుముందు మా ఇంట్లో ఆమె ఎప్పుడూ గ్లాసు కడగలేదు.