గళ్ళ కాగితం మీది నంబరు

తొమ్మిదేళ్ళుగా నా బల్ల సొరుగులో కంప్యూటర్‌లో వేసే ఒక ర్యామ్ ముక్క ఉంది. జానెడు కూడా ఉండదు. బరువంటూ ఏమీ లేదు. అయినా ఆ సొరుగు తెరవాలంటే నాకు చెయ్యి రాదు. అందులో ఉండే స్క్రూడ్రైవర్లను కూడా వేరే చోటికి మార్చేశాను. ఈ సంగతి నా భార్యకు కూడా తెలియదు. మీకెందుకు చెబుతున్నానంటే, మీరు నన్నెరగరు. ఇంతకంటే మంచి కారణం ఉంటే బాగుండేది.

పుత్తూరులో నాది కంప్యూటర్లు బాగుచేసే చిన్న కొట్టు. నగరిలో పవర్‌లూమ్‌లు నడిపే మునిరత్నం అన్న దగ్గర ఒక పాత డెస్క్‌టాప్ ఉండేది. షాహీన్ అనే అమ్మాయి దానిమీద చీరల అంచులు గీసేది. ఆమె గీసిన బొమ్మను బట్టి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టలను బట్టి మగ్గం నేస్తుంది. పెద్ద డిజైన్ తెరిస్తే చాలు కంప్యూటర్ బిగుసుకుపోతోందని, ర్యామ్ పెంచమని నన్ను పిలిచారు.

నేను వెళ్ళేసరికే షాహీన్ మూత విప్పి, లోపలున్న ర్యామ్ మీది నంబరు రాసిపెట్టింది. డిజైన్లు గీసే గళ్ళ కాగితం మీద, గడికొక అక్షరం చొప్పున.

"ఇదే నంబరుది తెచ్చి ఎయ్యన్నా. వేరేదైతే దీనికి పడదేమో," అని ఆ కాగితం నా చేతిలో పెట్టింది.

నాకు రోషం వచ్చింది. ఎందుకు వచ్చింది? ఆమె అన్నది తప్పా? కాదు. నేను చేయాల్సిన పనే అది. కానీ మునిరత్నం అన్న ముందు, బొమ్మలు గీసే అమ్మాయి నాకు పని నేర్పుతోందనిపించింది. నా బుద్ధి అంతే, ఒకరు చెప్పారంటే అది మంచిదైనా సరే వినబుద్ధి కాదు. "గాడి సరిపోతే చాలమ్మా," అన్నాను. చెడిపోయిన ఇంకో సిస్టమ్ నుంచి పీకిన ముక్క నా సంచిలో ఉంది. రకం అదే, వేగం వేరు. నొక్కితే టక్కున కూర్చుంది. తెరమీద మెమరీ రెట్టింపు కనిపించింది. కొత్తగా వేసిన ర్యామ్‌కు కొన్ని గంటలు పరీక్ష పెట్టి చూడాలి. బస్సుకు టైమైందని అదీ ఎగ్గొట్టాను.

పడని ర్యామ్‌తో కంప్యూటర్ అన్నిసార్లూ ఆగిపోదు. ఆగిపోతే మేలే. ఒక్కోసారి మామూలుగా నడుస్తూనే, సేవ్ చేసిన బొమ్మలో ఏదో ఒక వరుసను తప్పుగా రాసేస్తుంది.

మూడు వారాలకు ఫోను వచ్చింది. ఆ మగ్గాల మీద బొమ్మ కిందివైపు పడుతుంది. చీరలు దించి తిరగేసేదాకా ఎవరికీ తెలియలేదట. షాహీన్ అంచుకు గీసింది హంసల వరుస. అంచు పొడవునా ప్రతి హంసకూ మెడ విరిగి పక్కకు జరిగి ఉంది.

ఫోను పెట్టేసేసరికే నాకు అర్థమైంది. కాకపోతే ఆమె రాసిచ్చిన నంబరు ర్యామ్ కొనుక్కుని మరీ ఎందుకు వెళతాను? వాళ్ళను పక్క గదిలోకి పంపి పరీక్ష పెట్టాను. అయిదు నిమిషాలు కాకముందే తెర నిండా తప్పులు చూపే ఎర్ర గీతలు. నా ముక్క పీకి జేబులో వేసుకున్నాను. సరైనది పెట్టి మూత బిగించాను.

"మిషన్లో ఏమన్నా లోపం ఉండాదా అప్పా?" అని మునిరత్నం అన్న అడిగాడు.

"ఏం లేదన్నా. బాగానే ఉండాది."

షాహీన్ నా వైపు తిరిగింది. "నేను గీసింది ఇది కాదన్నా. మెడ ఈడ తెగలేదు. సూసుకునే సేవ్ చేసినాను."

"గంటల కొద్దీ తెర సూస్తా ఉంటే కండ్లు మోసం చేస్తాయమ్మా. ఒకసారి డాక్టరుకు సూపించుకో," అన్నాను.

ఆ మాట నాచేత ఎవరూ అనిపించలేదు. తెలీదని ఊరుకుని ఉండొచ్చు కదా? ఊరుకోలేదు. పైగా జాలిగా అన్నాను. మునిరత్నం అన్న కేకలేయలేదు. ఆ వారంలోనే వేరే మనిషిని పెట్టుకున్నాడు.

పోయిన ఏడాది చిత్తూరులో, ఒక బట్టల కొట్టులో చీరలు మడతపెడుతూ షాహీన్ కనిపించింది. తనే పలకరించింది.

"నువ్వు చెప్పినాక కండ్లు సూపించుకున్నానన్నా. ఏం లేదన్నాడు డాక్టరు. కానీ మళ్ళా గీద్దామని కూర్చుంటే నమ్మకం రాలా. గీత ఈడే ఉండాదా, నాకట్ల కనబడతా ఉండాదా అని పదిసార్లు సూసుకుంటా. అట్లయితే యాడ గీసేది? మానేసినాను."

నవ్వుతూనే చెప్పింది. ఒక్క మాట తిట్టినా నేను నిజం చెప్పేసేవాణ్ణేమో. ఏమో, అదీ అబద్ధమేనేమో. చెబుదామని నోరు తెరిచి, చీర ధర అడిగాను. కొన్నాను. ఇంటికి తెచ్చి భార్యకిచ్చాను. దాని అంచు మీద ఏ బొమ్మ ఉందో ఇప్పటికీ చూడలేదు.

అప్పటినుంచీ కుదురు లేదు. ఎవరి కంప్యూటర్ విప్పినా ర్యామ్ నంబరు మూడుసార్లు చదువుతాను, బిగించాక మళ్ళీ విప్పుతాను, కొట్టుకు తాళం వేసి సగం దారి వెళ్ళి వెనక్కి వస్తాను. ఇది రాస్తూ కూడా ఎన్నిసార్లు లేచానో. చిత్తూరు ఎంతో దూరం లేదు. బస్సెక్కితే ఆమెకే చెప్పొచ్చు. ఆమెకు చెప్పకుండా మీకు చెబుతున్నాను. అయినా కొంచెం ఊపిరి ఆడుతోంది, అందుకు సిగ్గుగానూ ఉంది.

ఇందాక సొరుగు తెరిచాను. ముక్క కిందే ఆమె ఇచ్చిన కాగితం ఉంది. గడికొక అక్షరం, చీమ తలకాయంత. ఒక్కటి కూడా గీత దాటలేదు. ఆ కళ్ళకు ఏ లోపమూ లేదు. నాకది ఆ రోజే తెలుసు.