నోళ్ళలో నానిన నాను

మా నాన్న శ్రీకాకుళం పక్క పల్లె వదిలి గాజువాకలో కాంట్రాక్టు కూలీగా చేరినప్పుడు నేను ఆరో తరగతి. కొత్త బడిలో మొదటి వారం లెక్కల మాస్టారు జవాబు ఎవరు చెప్తారని అడిగితే చెయ్యెత్తాను.

"నాను సెప్తాను సార్."

"నానడానికి నువ్వేమైనా మినప్పప్పువేంట్రా?" అన్నారాయన.

క్లాసంతా గొల్లుమంది. జవాబు మటుకు ఎవరూ అడగలేదు. మాస్టారికి చెడ్డ ఉద్దేశం లేదనే ఇప్పటికీ అనుకుంటాను. మాట పేలిందని కూడా ఒప్పుకుంటాను, పేలింది నా మీద కాబట్టి ఇంకా బాగా గుర్తుంది.

ఆ రోజునుంచి నా పేరు పప్పు. "ఒరే పప్పూ, నానావా ఇంకా లేదా? రుబ్బేద్దామా?" అంటూ విరామం గంటలో వీపు మీద రుబ్బేవారు. ఒకనాడు సైకిల్ స్టాండు వెనక నలుగురు పట్టుకుని, నాలుగు సీసాల నీళ్ళూ నెత్తిన పోసి నిజంగానే నానబెట్టారు. నలుగురి నోళ్ళలో నానడం చాలామందికి జరిగేదే. నలుగురి సీసాల్లో నానడం నాకే దక్కింది.

"ఏటిరా, ఇలాగ తడిసిపోనావు?" అంది అమ్మ.

"కుళాయి కాడ జారిపోనాను."

ఆ సాయంత్రం అద్దం ముందు నిలబడి 'నేను, నేను' అని నేర్చుకున్నాను. నవ్వేవాళ్ళ వైపు నిలబడితే తడవక్కర్లేదని కూడా ఆ ఏడే నేర్చుకున్నాను. రెండో పాఠమే ఎక్కువ వంటబట్టింది.

ఇప్పుడు మధురవాడలో ఒక ఆఫీసులో ఏడుగురున్న చిన్న జట్టుకి పెద్దని. పోర్టుకొచ్చే లారీలకి ఏ గేటు దగ్గరికి ఎన్ని గంటలకి రావాలో చెప్పే ప్రోగ్రాం రాస్తాం. అందులో తప్పులు వెతకడానికి విజయనగరం దగ్గర పల్లెనుంచి ఒకమ్మాయి కొత్తగా చేరింది. రెండో సోమవారం మీటింగులో ఆమె వంతు వచ్చింది.

"నాను టెస్టింగ్ సేత్తన్నాను సార్. ఒక్కోసారి రెండు లారీలకి ఒకే గేటు, ఒకే టైము పడిపోతంది."

"సేత్తన్నావా? సాయంత్రం సేపలు కూడా తెత్తన్నావా?" అన్నాడు పక్కనున్నవాడు.

అందరూ నవ్వారు. అందరికంటే ముందు నవ్వింది నేను. ఆ నవ్వులో రెండు లారీలూ ఎటుపోయాయో ఎవరం చూడలేదు. "సరే, తరవాత?" అని పక్కవాడి వంతుకి వెళ్ళిపోయాను.

ఆ తరవాత ఆమె మీటింగుల్లో నోరు తెరవలేదు. ఏం అడిగినా తలూపేది, లేకపోతే ఇంగ్లీషులో టైపు చేసి పంపేది. కుదురైన పిల్ల అనుకున్నాను. నన్ను కూడా ఆరో తరగతి చివర్లో అలాగే అనుకున్నారు.

నెల తిరక్కుండా రెండు లారీలు ఒకే గేటు దగ్గరికి ఒకే టైముకి చేరాయి. నువ్వు వెనక్కి తియ్యంటే నువ్వు తియ్యంటూ డ్రైవర్లు కొట్టుకున్నారు. ఒకాయన తలకి ఆరు కుట్లు పడ్డాయి. పైనుంచి మేనేజరు వచ్చి, ఇది ముందే ఎవరికీ కనపడలేదా అని అడిగాడు.

"ఎవరూ చెప్పలేదు సార్," అన్నాను. అబద్ధమని కూడా తట్టలేదు. ఆమె తలెత్తి నాకేసి చూసి, మళ్ళీ దించేసింది. తప్పులు వెతికే మనిషి వెతకలేదు కాబట్టి ఆమెని తీసేసే మాట ఆ పూటే మొదలైంది.

మధ్యాహ్నం ఆమె మెట్ల దగ్గర నన్ను ఆపింది. "నాను సెప్పేను సార్. మీరు నవ్వీసేరు."

నాకు అప్పుడు గుర్తొచ్చింది.

"ఆళ్ళు నవ్వితే నాకేటీ అనిపించలేదు సార్. ఇదే మెట్లకాడ మీరు మీ అమ్మతోటి 'నాను తిన్నానే' అంటంటే ఇన్నాను. మనోళ్ళే ఉన్నారు కదా అనుకున్నాను."

రోజూ అమ్మకి ఫోన్ చెయ్యడానికి మెట్ల దగ్గరికి ఎందుకొస్తానో అప్పటిదాకా నన్నెవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.

గేటు దగ్గర గొడవ మీద రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. ఇంగ్లీషులో 'ఐ' అని ఒకటే అక్షరం. అందులో నేనూ నానూ ఇద్దరం హాయిగా దాక్కోవచ్చు. అయినా జరిగింది జరిగినట్టు రాశాను. మర్నాడు అందరినీ కూర్చోబెట్టి, మేనేజరు ఎదురుగా నోటితోనే చెప్పాను.

"ఈ తప్పు ఆ అమ్మాయి ముందే పట్టుకుంది. మీటింగులోనే చెప్పింది. నాను ఇన్లేదు. నాను నవ్వేను."

ఎవరో కిసుక్కుమన్నారు. కాలర్లోంచి నీళ్ళు కారుతున్నాయేమోనని చెయ్యి దానంతటదే మెడ మీదికి వెళ్ళింది. ముప్పై ఏళ్ళయినా ఆరలేదన్నమాట.

ఆమెని తీసేసే మాట ఆగిపోయింది. నాకో హెచ్చరిక ఉత్తరం ఇచ్చారు. ఆమె మాత్రం రుషికొండలో వేరే ఆఫీసు చూసుకుంది. ఉండమని అడిగితే, "అక్కడ ఎవురికీ నా మాట తెల్దు కదండీ," అంది. వెళ్ళే రోజు అందరికీ వరసగా చెప్పి, నా దగ్గర ఆగింది.

"నేను వెళ్తున్నాను సార్," అంది.

ఎక్కడా తడబడలేదు. బాగా నేర్చుకుంది.