గుట్ట జారిన ఏడు

నా చిన్నప్పుడు, కోస్గి దిక్కున మా ఊళ్లో ఎవరి వయసూ అంకెల్లో ఉండేది కాదు. కరువు ఏడు పుట్టాడనో, గత్తర, అదే కలరా, వచ్చిన ఏడు పుట్టిందనో చెప్పుకునేవాళ్లం. నన్నడిగితే అదే నయం, వయసు దాచుకునే బాధ లేదు!

అప్పుడే మా బాపు గుట్ట కింద కొత్త గుడిసె వేస్తానని పట్టుబట్టాడు. గొర్లకు మేత దగ్గర, ఈదురుగాలి తగలదు. మా అమ్మ చంకలో నెలల తమ్ముడు. మా అవ్వ మాత్రం వద్దంటే వద్దంది, గుట్ట జారుతుందని ఆమె భయం. బాపు నవ్వేశాడు.

“నేను చిన్నగున్నప్పుడు ఒక్కపారి జారింది, అయిపోయింది. గా ముచ్చటే పట్టుకొని కూసుంటమా అమ్మా?”

అవ్వ వాదించలేదు. మర్నాడు పొద్దున ముగ్గురిని పిలిచి మా అరుగు మీద వరుసగా కూర్చోబెట్టింది. పళ్లూడిన ఒక తాత, మనవలను ఎత్తిన ఒక పెద్దమ్మ, అప్పుడే మీసాలొస్తున్న పక్కింటి అన్న. అంబలి పోసి, ఏ ఏడు పుట్టారని ఒక్కొక్కరినీ అడిగింది. ముగ్గురూ ఒకటే మాట చెప్పారు, గుట్ట జారిన ఏడని.

నాకు నవ్వాగలేదు. “ముగ్గురు ఒక్క ఏడే పుట్టిన్రా అవ్వా? తాతకు పండ్లే లేవు, అన్నకు మీసాలే సక్కగ రాలే!”

“గదే బిడ్డా, మీ బాపును జర సూడమను.”

బాపు చూశాడు. ఊరంతా ఒక్కసారే అనుకున్నది మూడుసార్లు జరిగింది. ఒకరికీ ఇంకొకరికీ మధ్య ఇంచుమించు ఇరవై ఏళ్లు.

“రేపే జారుతదని నేననను కొడుకా,” అంది అవ్వ. “కని పోరనికి మీసాలొస్తున్నయి. ఇగ నీ ఇష్టం.”

తెల్లారి బాపు గుట్ట కింద అప్పటికే పాతిన గుంజలు పీకి, దూరంగా మిట్ట మీదున్న మా చెలక చేనులో పాతాడు. ఊళ్లోవాళ్లు ముసలమ్మ మాట విన్నాడని ఎగతాళి చేశారు.

రెండో ఏడు వారం రోజులు ముసురు పట్టింది. ఒక పొద్దున గుట్ట సగం కిందికొచ్చింది. బాపు గుడిసె వేద్దామనుకున్న జాగాలో బురద, బండలు. మేమంతా చెలకలో నిలబడి చూశాం. బాపు తమ్ముణ్ని గుండెకు హత్తుకుని వలవలా ఏడ్చాడు. మా ప్రాణాలు లేచొచ్చాయి. ఒక్క గొర్రెపిల్ల కూడా పోలేదు.

అందుకే ఎవరైనా “ఎప్పుడో ఒక్కసారి జరిగిందిలే” అంటే నేనిప్పటికీ ఊరుకోను. మొన్న మా మనవడు వాగు పక్కన చవకగా జాగా ఉందన్నాడు. ఆ వాగు ఒక్కసారే పొంగిందట. పద చూద్దామని వెళ్లి, ఆ వాడలోని పెద్దవాళ్లను నేనే అడిగాను. ఒక్కసారే పొంగిందన్నవాళ్లు అయిదుగురు దొరికారు. అయిదుగురూ చెప్పింది వేరువేరు ఏళ్లు.