చెప్పకూడదవ్వా

ధర్మవరం బస్సులో నా పక్కన ఒక నర్సింగ్ విద్యార్థిని కూర్చుంది. మడత నలగని ఆమె యూనిఫాం చూడగానే నాకు కడుపు మండింది. ఒకప్పుడు నేనూ వేసుకున్నదే అది.

ముందు సీటులోని అవ్వ వెనక్కి తిరిగి ఆ పిల్లను అడిగింది. "మా వీధి సుబ్బమ్మ కూతురు మీ వార్డులోనే ఉండాదంట. ఏం జబ్బు పాపా?"

"చెప్పకూడదవ్వా. కావాలంటే ఆయక్కనే అడుగు."

"చెప్తే నీదేం పోతాది?"

ఆ పిల్ల నవ్వింది.

చదువుకునే రోజుల్లో ఇలాగే అడిగిన పక్కింటామెకు నేను ఒకమ్మాయి జబ్బు సంగతి చెప్పేశాను. ఆ అమ్మాయి పెళ్లి ఆగిపోయింది. నన్ను కాలేజీ నుంచి తీసేశారు.

బత్తలపల్లెలో ఆ పిల్ల దిగిపోగానే, "చూస్తివా, ఎంత పొగరో!" అంది అవ్వ నాతో.

ఆ పిల్ల చేసిందే సరైనదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా, "అవునవ్వా, పొగరే" అన్నాను.